పాట వినుటకును సెలవు కావలెనా?

రాప్ గాయకుని కచ్చేరికై మన పట్టణపు యువకులు నెలల తరబడి వేచియుండుటయు, టిక్కెట్లు కొని హైదరాబాదు వఱకు పోవుటయు, గొంతులు బొంగురుపోయి తెల్లవారుజామున తిరిగివచ్చుటయు జూచి పెద్దలు కొందఱు విసుగుకొనుచున్నారు. మాటలను తాళముపై దొర్లించుట గానమా, ఈ విదేశపు మోజు మనకేల యని వారి ప్రశ్న. ఆ పెద్దలకు మేమొక సంగతి జ్ఞప్తికి దెచ్చెదము. తాళముపై మాటను పరుగెత్తించు విద్య మనకు క్రొత్తది కాదు. అట్టి గాయకునికై ఏండ్ల తరబడి వేచియుండుటయు ఓరుగల్లునకు క్రొత్త కాదు. క్రొత్తగా పాఠము నేర్వవలసినవారు వేఱే కలరు. పాట వినుట పౌరుని హక్కే గాని సర్కారు దయచేయు వరము కాదను పాఠమును ప్రభుత్వములు నేటికిని నేర్వలేదు.

రాప్ అనునది యెచ్చట పుట్టినది? 1973 ఆగష్టు 11వ తేదీన న్యూయార్కు నగరమందలి బ్రాంక్సు పేటలో, అద్దెయిండ్ల మేడ యొక్కదానిలో, జమైకానుండి వచ్చిన కూల్ హెర్క్ అను యువకుడు జరిపిన వేడుకతో ఈ కళ తన వయస్సును లెక్కించుకొనుచున్నది. పేదల వాడ, నల్లవారి గొంతు, రెండు గ్రామఫోను పలకలు: ఇదియే దాని మూలధనము. 2018లో కెండ్రిక్ లమార్ అను రాప్ గాయకునికి పులిట్జరు బహుమానము లభించినది. మన సీమలో ఒగ్గువారు డోలు దెబ్బకు దెబ్బగా మల్లన్న కథను వచనమనియు పాటయనియు తెలియరాని వేగముతో చెప్పుట తరతరములుగా నున్నది. పాల్కురికి సోమనాథుడు పదుమూడవ శతాబ్దముననే సామాన్యజనుల నోట నాడు ద్విపదను చేపట్టి పండితుల సమాసములకు ఎదురు నిలిచెను. చుక్క సత్తయ్యగారు జీవితమంతయు ఒగ్గుకథకే ధారపోసిరి. జనగామ సీమ చిందు కళాకారులు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. ఇంతటి సంపద యింటనుండగా పరాయి వస్తువని బాలురను గద్దించుట పెద్దఱికము కానేరదు.

ఈ వంశమునకు చెందినవాడే గద్దరు. తూప్రానులో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు 1913లో అమెరికాలోని పంజాబీ దేశభక్తులు స్థాపించిన గదరు పార్టీ పేరును తన పేరుగా పెట్టుకొనెను. బ్యాంకు గుమాస్తాగిరి చేసెను, విడిచెను. 1972లో ఏర్పడిన జననాట్యమండలికి గొంతుకయయ్యెను. భుజముపై గొంగడి, చేత కఱ్ఱ, కాళ్లకు గజ్జెలు. పాట నడుమ ఆగి మాటాడును, మాట నడుమ పాటలోనికి దూకును, ప్రశ్న వేసి జనుల నోటనే జవాబు రప్పించును. ఆ విద్యను రాప్ అందురో, జానపదమందురో పండితులు తేల్చుకొందురు గాక. విన్నవారికి పేరుతో పనిలేదు.

1985లో ఆయన అజ్ఞాతమునకు పోవలసివచ్చెను. ఐదేండ్లపాటు ఆ గొంతు చేతులు మాఱిన కేసెట్లలోనే వినవచ్చినది. 1990 ఫిబ్రవరిలో, చెన్నారెడ్డిగారి ప్రభుత్వము కట్టడులను సడలించినపుడు, ఆయన బయటికి వచ్చి హైదరాబాదు నిజాం కళాశాల మైదానమున పాడగా వినవచ్చినవారు రెండు లక్షలని లెక్క చెప్పిరి. అదే సంవత్సరము మే నెలలో ఓరుగల్లున జరిగిన రైతుకూలీ సంఘ మహాసభకు జనము లక్షలుగా తరలివచ్చినది. ఆ వచ్చినవారందఱును ఒక పార్టీ సభ్యులా? కారు. ఐదేండ్లు మూయబడిన గొంతు తెఱువబడినదని విని, దానిని తమ చెవులతో వినవలెనని వచ్చిన కూలీలు, విద్యార్థులు, గుమాస్తాలు, తల్లులు. పాటను మూయుటచే పాట చావదనియు, వినగోరువారి సంఖ్య పెరుగుననియు ఆనాడు ఋజువైనది.

ప్రభుత్వమువారు ఆ ఋజువును స్వీకరించిరా? 1992 మే నెలలో పీపుల్స్ వార్ పార్టీని నిషేధించిరి. సడలిన కట్లు మఱల బిగిసినవి. 1997 ఏప్రిల్ 6వ తేదీన గాయకునిపై తుపాకి గుండ్లు ప్రేల్చబడినవి. వానిలో నొకటి కడవఱకు ఆయన శరీరముననే నిలిచినది. 2004లో శాంతి చర్చలు కావలసివచ్చినపుడు రాయబారులలో నొకడుగా అదే గద్దరు కావలసివచ్చెను. 2023 ఆగష్టు 6వ తేదీన మరణింపగా ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి. ఒకప్పుడు చలనచిత్రములో వ్రాసిన పాటకు వచ్చిన నంది బహుమానమును ఆయన త్రోసిపుచ్చెను. నేడు ఆ నంది బహుమానములనే గద్దరు పేరిట మార్చి 2025 జూనులో హైదరాబాదున పంచిపెట్టిరి. బ్రతికియున్నవాని పాటకు పోలీసు పహరా, పోయినవాని పేరునకు పట్టుశాలువా: ఇదెక్కడి న్యాయము? మేము బహుమానమును నిందింపము. గొంతును గౌరవింపక పేరును మాత్రము గౌరవించుట చాలదని మా వాదము.

ఆయన పాట హింసకు ప్రేరేపించెను గదా యని కొందఱందురు. ఆయుధ మార్గమును మేము సమర్థింపము. గద్దరు తానును కడపటి యేండ్లలో ఓటు బాటకు వచ్చెను. నేరము చేసినవానిని న్యాయస్థానమున నిలువబెట్టుడు, సాక్ష్యము చూపుడు, శిక్షింపుడు. కాని పాడబోవు పాటను, విననున్న చెవిని ముందుగనే శిక్షించుట యే ధర్మశాస్త్రమున నున్నది? మాట వలన కీడు దాపుననే కనబడవలెను గాని దూరపు ఊహ చాలదని సుప్రీంకోర్టు 1989లోనే రంగరాజన్ వ్యాజ్యమున చెప్పెను. 2025 మార్చి 28వ తేదీన ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ వ్యాజ్యమున ఒక కవితపై పెట్టిన కేసును కొట్టివేసి, కవిత చదివినంతనే కదలిపోవునంత బలహీనము కాదు మన గణతంత్రమని ఆ న్యాయస్థానమే మఱల బోధించెను.

చట్టముల చరిత్రమును చూడుడు. నిజాము కాలమున గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు సభ జరుపుటకు ముందుగా సెలవు పుచ్చుకొనవలెనని శాసించెను. నాటకములను అణచుటకు తెల్లదొరలు 1876లో చేసిన చట్టమును 1956లోనే అలహాబాదు హైకోర్టు రాజ్యాంగవిరుద్ధమని తేల్చినను, అది మన చట్టగ్రంథములనుండి తొలగుటకు 2018 కావలసివచ్చెను. గుంపుగూడుటను అడ్డు 144వ సెక్షను 2024 జూలైనుండి క్రొత్త స్మృతిలో 163వ సెక్షనైనది. అంకె మాఱినది, అధికారుల చేతిలోని కఱ్ఱ మాఱలేదు. దేశములెల్ల నొక్కటిగా నున్నవని నిరాశపడ నక్కఱలేదు. ఇరానులో తూమాజ్ సాలెహీ అను రాప్ గాయకునికి 2024లో ఉరిశిక్ష విధించిరి. లోకము గగ్గోలుపెట్టగా అది రద్దయి, అదే యేడు డిసెంబరులో విడుదలయ్యెను. కాలిఫోర్నియాలో 2022లో చేసిన చట్టము గాయకుని పదములను అతనిపై నేరసాక్ష్యముగా తెచ్చుటకు కట్టుబాట్లు విధించినది. ఒకచోట ఉరిత్రాడు, ఒకచోట రక్షణ. మన మే దారిని పోవుదుము?

హనుమకొండలో 2014 సెప్టెంబరు 9వ తేదీన కాళోజీ శతజయంతినాడు శంకుస్థాపన జరిగిన కళాక్షేత్రము పదేండ్లు గడచిన పిమ్మట 2024 నవంబరు 19వ తేదీన తెఱువబడినది. భవనము వచ్చినది, సంతోషము. ఆ వేదికపై నిలుచువా రెవ్వరు? ఒగ్గు డోలు, చిందు గజ్జె, గొంగడి పాట, నేటి బాలుర రాప్: ఇవన్నియు అచ్చట వినబడవలెను. కూలివాడు కొనగలిగిన వెలకు టిక్కెట్టు దొరకవలెను. పాటల పదములను ముందుగా చూపుమని యే అధికారియు అడుగరాదు. అనుమతి నిరాకరింతురేని కారణమును వ్రాతమూలకముగ, న్యాయస్థానమునకు పోవుటకు వ్యవధి యుండునట్లు, తెలుపవలెను.

పాఠకులారా! సభ పెట్టుటకు సెలవు లేని దినములలో మన పెద్దలు గ్రంథాలయములను సభలుగా జేసికొనిరి. 1904నుండి హనుమకొండలో నిలిచియున్న రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము అందుకు సాక్షి. అట్టి నిలయములలో కూర్చుండి ఈ పత్రికను చదువు మీరే ఈ కోరికలను వినతిపత్రముగా వ్రాసి, వ్రాళ్లు చేసి, కలెక్టరుగారికిని శాసనసభ్యులకును పంపుడు. మీ బాలుడు కచ్చేరికి పోయెదనన్నపుడు గద్దింపకుడు. మీరును వెంట పోయి వినుడు. నచ్చకున్న విమర్శింపుడు. వినకుండ మూయుమనుట మాత్రము మన నోట రాదగిన మాట కాదు.