నీళ్లలో మందులు.. కొలిచే మెషిన్ ఉంది, పరిమితి ఏది?

హైదరాబాద్ శివారు పటాన్‌చెరు పేరు చెబితే మందుల ఫ్యాక్టరీలు, వాటి వ్యర్థ జలాలే గుర్తుకొస్తాయి. నురగ, దుర్వాసన, చచ్చి తేలిన చేపలు.. ఇదంతా కంటికి కనిపించే కాలుష్యం. మరి కనిపించని దాని సంగతేంటి? దాన్ని కొలిచే టెక్నాలజీ ఎప్పుడో వచ్చేసింది. ఎంతకు మించకూడదో చెప్పే నిబంధన మాత్రం డ్రాఫ్ట్ దగ్గరే ఆగిపోయింది.

అప్పట్లో ఏం తేలింది?

పటాన్‌చెరులో సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంట్‌పై స్వీడన్ పరిశోధకుల అధ్యయనం 2007లో వెలువడింది. ప్లాంట్ వదిలిన నీటిలో లీటరుకు గరిష్ఠంగా 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ బయటపడింది. ఇన్ఫెక్షన్లకు డాక్టర్లు రాసే యాంటీబయాటిక్ ఇది. కొన్ని రకాల బ్యాక్టీరియాకు హాని చేసే మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైమాటే. అదీ శుద్ధి చేశాక వదిలిన నీళ్లలో!

2009లో మరో అధ్యయనం వచ్చింది. చుట్టుపక్కల ఆరు గ్రామాల బావుల్లో శాంపిళ్లు తీస్తే, అన్నింట్లోనూ మందుల అవశేషాలు దొరికాయి. ఆ ప్లాంట్ నీళ్లు చేరని రెండు చెరువుల్లోనూ లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. అంటే మందులు వేరే దారుల్లోనూ వచ్చి చేరుతున్నాయన్నమాట. కొలిచారు కాబట్టే ఈ విషయం తెలిసింది.

ఎలా కొలుస్తారు?

బావి నీళ్లలో మందు లీటరుకు మైక్రోగ్రాముల్లో, ఒక్కోసారి నానోగ్రాముల్లో ఉంటుంది. నేరుగా మెషిన్‌లో పెడితే దొరక్కపోవచ్చు. అందుకే శాంపిల్‌ను ముదురు రంగు గాజు సీసాలో పట్టి, ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కు తెస్తారు. ఎందుకంటే వెలుతురుకు కొన్ని మందులు విరిగిపోతాయి. వడగట్టిన నీటిని చిన్న కార్ట్రిడ్జ్ గుండా పంపితే మందు అందులో అతుక్కుంటుంది. దాన్ని మిథనాల్‌తో కడిగి, ఆ ద్రావకాన్ని ఆవిరి చేస్తారు. లీటరు నీటిలో ఉన్న మందు అలా ఒక మిల్లీలీటరులోకి వస్తుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ అణువును బరువుతోనూ, అది విరిగే తీరుతోనూ గుర్తుపడుతుంది. మధ్యలో ఎంత పోయిందో తెలియడానికి, తెలిసిన మోతాదులో ఐసోటోప్ గుర్తున్న అదే మందును ముందే కలుపుతారు.

మామూలు టెస్టులు చాలవా?

చాలవు. బీఓడీ, సీఓడీ టెస్టులు నీటిలోని వ్యర్థాలు మొత్తంగా ఎంత ఆక్సిజన్ లాగేస్తాయో చెబుతాయి. అందులో ఏ మందు ఉందో చెప్పవు. సీఓడీలో పాసైన నీళ్లలోనూ యాంటీబయాటిక్ ఉండొచ్చు. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా మొండికేస్తుంది. రేపు రోగికి అదే మందు ఇస్తే పనిచేయకపోవచ్చు.

నిబంధన ఏమైంది?

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదిస్తూ డ్రాఫ్ట్ విడుదల చేసింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అవి మాయమయ్యాయి. 2024 సెప్టెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థాలపై తొలి మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ అవి సూచనలే, చట్టం కాదు.

ఈ పరీక్షలకు ఖరీదైన మెషిన్లు, శిక్షణ ఉన్న సిబ్బంది కావాలన్నది నిజమే. కానీ మందు స్వచ్ఛతను మిల్లీగ్రాముల లెక్కన చూసుకునే పరిశ్రమకు, తాను వదిలే నీళ్లలో అదే మందు ఎంతుందో చూసుకోవడం కొత్త విద్యేమీ కాదు. అందుకే ఇకపై ఎవరైనా ‘నీళ్లు నిబంధనల ప్రకారమే ఉన్నాయి’ అంటే, ఊరి జనం అడగాల్సింది ఒక్కటే.. ఏ మందు కోసం టెస్ట్ చేశారు?