గోలీల షీటు, కస్టర్డ్ డబ్బా... ఒక ఇంగ్లీషు పాఠం

వంటిల్లు సర్దేసి, మధ్యాహ్నం ఓ కునుకు తీద్దామని చాప పరుచుకునే వేళకే ఎవరో ఒకరు తలుపు తట్టడం మనందరి ఇళ్ళలోనూ మామూలే కదా! ఆ రోజు తట్టింది మా ఎదురింటి ఆపా. మాది పాతబస్తీలో గౌలిపురా దగ్గర ఓ సందు. ఇటు మా ఇళ్ళు, అటు వాళ్ళ ఇళ్ళు, మధ్యలో స్కూటరు పట్టేంత దారి. "అక్కా, జెర జల్దీ రా! మా సాస్‌కు చెమటలు పడుతున్నయ్, చేతులు వణుకుతున్నయ్" అంది ఆయాసపడుతూ.

పెద్దావిడకి షుగరు జబ్బు ఉందని నాకు తెలుసు. వెళ్ళేసరికి మంచం మీద కూర్చునే ఉంది గానీ ఒళ్ళంతా తడిసిపోయింది. స్పృహలోనే ఉంది, మింగగలుగుతోంది కాబట్టి గబగబా గ్లాసెడు నీళ్ళలో చక్కెర కలిపి తాగించాం. కాసేపటికి కాస్త తేరుకుంది. ఆటోలో డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. "వాడుతున్న మందులు చూపించండి" అన్నారాయన. ఆపా తన దుపట్టా కొంగు ముడి విప్పి రెండు గోలీల షీట్లు తీసింది. ఒకటి ఎర్ర అక్షరాలది, ఇంకోటి నీలం అక్షరాలది.

డాక్టరు గారు రెండూ తిప్పి చూసి తల పట్టుకున్నారు. కంపెనీలు వేరు, పైన పెట్టిన పేర్లు వేరు, లోపలున్న మందు మాత్రం ఒకటే! గ్లిమెపిరైడ్ అని రెండింటి మీదా రాసే ఉంది. ఎప్పుడూ తెచ్చే కంపెనీది దుకాణంలో లేదని, అదే మందు ఇంకో కంపెనీది ఇచ్చాడట షాపతను. ఇంట్లో పాత షీటులో నాలుగు మిగిలి ఉన్నాయి. ఇవి రెండు రకాల మందులనుకుని, వరసగా రెండు రోజులు ఇదొకటి అదొకటి వేసుకుంది పెద్దావిడ. షుగరు దబ్బున పడిపోయింది.

అక్కడితో అయిపోతే ఈ వారం వంటిల్లు చీమల గురించి రాసుకునేదాన్ని. కానీ ఆ మాత్రలు రోజూ పొద్దున దాదీ చేతిలో పెట్టేది మనవరాలు. ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఆ పిల్లని డాక్టరు గారు "చదువు బేటీ" అంటే, ఎర్ర అక్షరాల్లో ఉన్నదంతా ఆగకుండా చదివేసింది. 'టు బి సోల్డ్ బై రిటైల్ ఆన్ ది ప్రిస్క్రిప్షన్ ఆఫ్ ఎ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ ఓన్లీ'... రైలు వెళ్ళినట్టు! "మరి రెండింటి మీదా ఒకేలా ఉన్న పేరు ఏది?" అని అడిగితే బిక్కమొహం వేసింది.

ఆ రాత్రి ఆ పిల్ల అన్నం ముట్టలేదు. నా దగ్గరికొచ్చి, "నా వల్లే కదా ఆంటీ?" అంది. నాకేం చెప్పాలో తోచలేదు. ఎందుకంటారా? ఆ పిల్లకి సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతున్నది నేనే!

అవునండీ. నాలుగేళ్ళుగా మా అరుగు మీద సందులో పిల్లల్ని ఓ ఆరేడుగుర్ని కూర్చోబెట్టుకుంటున్నాను. ఆవు మీద వ్యాసం చూడకుండా రాయిస్తాను. ఎ, ఆన్, ది ఎక్కడ రావాలో తప్పు పోనివ్వను. ఈ పిల్లకి మార్కులు కూడా బాగానే వస్తాయి. మరి ఇంట్లో చేతికొచ్చిన ఇంగ్లీషు కాగితం దగ్గర ఆ మార్కులన్నీ ఏమయ్యాయి?

తార్నాక వైపు ఓ టీచరు గారు మాకు దూరపు చుట్టం. ఉస్మానియా యూనివర్సిటీ పక్కనున్న ఇంగ్లీషు యూనివర్సిటీలో శిక్షణ పొందినావిడ. అది 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పేరుతో మన ఊళ్ళోనే మొదలైంది. ఇంగ్లీషు చెప్పే టీచర్లకి పాఠం చెప్పే చోటన్నమాట. ఇప్పుడది సెంట్రల్ యూనివర్సిటీ. మన ఊళ్ళోనే ఇంత పెద్ద చదువు ఉంటే, నేను అరుగు మీద ఆవు వ్యాసం దగ్గరే ఆగిపోయాను! ఆవిడతో నా గోడు వెళ్ళబోసుకుంటే నవ్వి, "అథెంటిక్ మెటీరియల్స్‌తో చెప్పి చూడు" అంది. పేరు పెద్దదే గానీ విషయం చిన్నది. పిల్లలకి పాఠం చెప్పడం కోసం అచ్చేసినవి కాకుండా, లోకం తన పని కోసం అచ్చేసుకున్న కాగితాలు అవి. మందు షీటు, బస్సు టికెట్టు, కరెంటు బిల్లు, శుభలేఖ, బిస్కెట్ పొట్లం... రోజూ మనం చించి పారేసేవే!

1979 నుంచి 1984 దాకా బెంగుళూరు, మద్రాసు వైపు కొన్ని బడుల్లో ఎన్.ఎస్. ప్రభు అనే పెద్దాయన ఈ దారికి దగ్గరగా చేసి చూశారట. గ్రామరు పట్టీలు వల్లె వేయించడం మానేసి, పిల్లల ముందు రైళ్ళ టైంటేబులూ, మ్యాపులూ పెట్టి, 'ఫలానా టైముకి ఫలానా ఊళ్ళో ఉండాలంటే ఏ బండి ఎక్కాలి?' అన్నట్టు లెక్క తేల్చమనేవారు. పిల్లలు బండి కోసం వెతుకుతుంటే భాష దానంతటదే పడుతుందని ఆయన నమ్మకం. నమ్మని వాళ్ళూ ఉన్నారనుకోండి.

సరే, ఆవిడ చెప్పింది కదాని మర్నాడే ఖాళీ షీట్లు రెండు ముందేసుకుని కూర్చున్నాను. (ఖాళీవే సుమా! మాత్రలున్న షీటు పిల్లల చేతికి పాఠానికని ఇవ్వకండి.) ఉత్సాహం కొద్దీ కష్టమైన మాటలన్నిటి కిందా గీతలు గీసి, ఒక్కోదానికి అర్థం చెప్పడం మొదలుపెట్టాను. రిటైల్ అంటే చిల్లర అమ్మకం, ప్రిస్క్రిప్షన్ అంటే డాక్టరు చీటీ... పదో మాటకి ఒకడు ఆవులించాడు. పదిహేనో మాటకి ఇద్దరు గిల్లుకున్నారు. మొత్తానికి ఆ షీటుని కూడా నేను ఆవు వ్యాసం చేసిపారేశాను!

మళ్ళీ ఫోను చేస్తే ఆవిడ ఒకటే మాట చెప్పింది. "కాగితాన్ని తేలిక చేయకు, పనిని తేలిక చెయ్యి. ఆ షీటంతా వాళ్ళకెందుకు? నీక్కావలసింది ఏమిటో అదొక్కటే అడుగు."

నా కళ్ళు తెరుచుకున్నాయంటే నమ్మండి. మనం మాత్రం పేపరు చదివేటప్పుడు ప్రతి అక్షరం చదువుతామా? బంగారం ధర చూసి మడిచేస్తాం!

ఆ రాత్రి కూర్చుని పాఠం సిద్ధం చేసుకున్నాను. ముందు నన్ను నేను అడిగింది, 'ఈ గంట అయ్యాక పిల్లలకి ఏం చేతనవ్వాలి?' అని. రెండు షీట్లు పక్కపక్కన పెడితే మందు ఒకటో కాదో చెప్పగలగాలి, తారీఖు అయిపోయిందో లేదో చెప్పగలగాలి. అంతే, మూడోది వద్దనుకున్నాను. ఇళ్ళలో ఖాళీ అయిన షీట్లు తెమ్మని అందరికీ ముందే చెప్పాను. పదకొండు పోగయ్యాయి. ఇంగ్లీషు మాట ఒక్కటి కూడా చెప్పకముందే, "మీ ఇంట్లో మందులు ఎవరు వేసుకుంటారు? ఎవరు గుర్తు చేస్తారు?" అని మన భాషలోనే మాట్లాడించాను. తర్వాత షీట్లు కింద పరిచి, "ఒకే మందున్న జతలు తీయండి" అన్నాను.

అరుగు మీద పేకాట మొదలైనట్టే అయింది! పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరనీ, అసలు మందు పేరు వేరే ఉంటుందనీ నేను చెప్పలేదు, వాళ్ళే పట్టుకున్నారు. పేరు పక్కన అంకె, ఆ తర్వాత 'ఎం.జి.' ఉంటాయని, పేరొకటే అయినా ఆ అంకె మారితే జత కాదని మా ఆపా కూతురే కనిపెట్టింది. 'ఎం.ఎఫ్.జి.' అంటే తయారైన నెల, 'ఇ.ఎక్స్.పి.' అంటే గడువు తీరే నెల అని ఇంకో పిల్ల. రెండు షీట్ల మీద తారీఖే కనబడలేదు. ఎందుకో చెప్పండి చూద్దాం? షాపులో నాలుగు గోలీలు కత్తిరించి ఇచ్చినప్పుడు తారీఖున్న ముక్క అక్కడే ఉండిపోయింది! అప్పటి నుంచి నేను కూడా మందుల షాపులో "తారీఖున్న వైపు ఇవ్వు నాయనా" అని అడుగుతున్నాను. పాఠం చెప్పబోయి నేను నేర్చుకున్నదది.

అప్పుడు, అన్నీ అయ్యాక, ఓ ఎనిమిది మాటలు పలక మీద రాశాను. అవి మాత్రం ఎవరూ మరిచిపోలేదు. చివర్న ఆపా కూతురు ఒక అట్ట ముక్క తీసుకుని దాదీ కోసం పట్టీ రాసింది. మందు పేరు ఇంగ్లీషులో, పక్కన ఎప్పుడు వేసుకోవాలో ఉర్దూలో, సూర్యుడు చంద్రుడు బొమ్మలేసి మరీ! డాక్టరు చీటీ మీద 'ఓ.డి.' అంటే రోజుకోసారి, 'బి.డి.' అంటే రెండుసార్లు, 'టి.డి.ఎస్.' అంటే మూడుసార్లు, 'ఎస్.ఓ.ఎస్.' అంటే అవసరమైతేనే అని నేను చెప్పాను. ఆ పట్టీని డాక్టరు గారికి చూపించాకే అలమారా తలుపుకి అంటించమన్నాను. మనం చదవడం నేర్పుతున్నాం గానీ, మందులు మార్చడం నేర్పడం లేదు కదా.

రెండో వారం కస్టర్డ్ డబ్బా. ఈ పేజీ చదివేవాళ్ళకి నచ్చుతుందని కాస్త వివరంగా చెబుతున్నాను. డబ్బా వెనకున్న ఇంగ్లీషు పద్ధతి చూసి పిల్లలే కస్టర్డ్ చేయాలి, నేను నోరు విప్పకూడదు. ఇదీ ఒప్పందం. పొయ్యి దగ్గర మాత్రం నేనే. 'మిక్స్', 'బాయిల్', 'పోర్', 'స్టిర్', 'కూల్'... వంటకం రాసే ఇంగ్లీషంతా ఇలా హుకుం జారీ చేసే మాటలే, గమనించారా? మా మేనల్లుడు తొందరపాటు మనిషి. 'కోల్డ్ మిల్క్' అన్న రెండు ముక్కలు వదిలేసి, కాగుతున్న పాలలో పొడి కుమ్మరించాడు. చెప్పాలా! రాగి సంకటి ఉండల్లా తేలాయి. నేను నోరు విప్పలేదు. పిల్లలే డబ్బా మళ్ళీ చదివి, తప్పెక్కడో వేలు పెట్టి చూపించారు. రెండోసారి, రెండు చెంచాల పొడి కాసిని చల్లని పాలలో జారుగా కలిపి, మరిగే పాలలో కొద్దికొద్దిగా పోస్తూ తిప్పితే అద్దంలా వచ్చింది. వాడు ఇక జన్మలో 'కోల్డ్' మరిచిపోడు. మా అత్తగారికి కోడిగుడ్డు పడదు గనక, ఇందులో గుడ్డు లేదు కదా అని అడిగారు. అసలు ఈ పొడి పుట్టిందే అందుకట! ఇంగ్లాండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన, భార్యకి గుడ్డు సరిపడదని 1837లో గుడ్డు లేకుండా కనిపెట్టాడని చెబుతారు.

మన పాతబస్తీలో ఇలాంటి కాగితాలకి కొదవా? ఛత్తా బజార్లో అచ్చయ్యే పెళ్ళి కార్డులు ఇంటికొస్తూనే ఉంటాయి. ఎవరి పెళ్ళి, ఏ వేళకి, ఏ హాలులో... మూడే ప్రశ్నలు. 'ఆర్.ఎస్.వి.పి.' అంటే ఏమిట్రా అంటే మా మేనల్లుడు తడుముకోకుండా "రసం, సాంబారు, వడ, పాయసం" అన్నాడు! (రావడం రాకపోవడం దయచేసి తెలపండి అని ఫ్రెంచి భాషలో నాలుగు మాటలకి పొడి అక్షరాలు లెండి.) బోర్డుల మీదా, రైలు స్టేషన్లోనూ పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఉంటే పిల్లలు తమకొచ్చిన లిపితో రాని లిపిని సరిచూసుకోగలరు. కరెంటు బిల్లయితే ఇంగ్లీషూ, తీసివేతా రెండూ ఒకేసారి అవుతాయి. పేపర్లో హెడ్డింగులు మాత్రం చిన్న పిల్లలకి వద్దంటాను. చోటు చాలక సగం మాటలు మింగేసి రాస్తారు, అవి చూసి వాక్యం నేర్చుకుంటే అంతే సంగతులు.

"పరీక్షలో మందు షీటు ఇస్తారా ఏమిటి?" అని మా వారు దెప్పారు. ఒక పిల్లవాడి తల్లి కూడా అదే అంది, వాణ్ణి మానిపించింది కూడా. ఆవిడ భయం నాకర్థమవుతుంది. మార్కులు తగ్గితే ఆవిడ ఇంట్లో మాట పడాలి. అందుకే వారానికి నాలుగు రోజులు బడి పుస్తకమే, ఒక్క శుక్రవారం సాయంత్రం ఈ కాగితాల పాఠం. ఆవు వ్యాసం మానలేదండీ, ఆవుకి నామీద కోపం రావద్దు!

ఆపా కూతురు మాత్రం చాలా రోజులు దాదీకి గోలీ ఇవ్వడానికి జంకింది. అట్ట మీద వేలు పెట్టి, షీటు మీద వేలు పెట్టి, మళ్ళీ వాళ్ళమ్మకి చూపించి గానీ ఇచ్చేది కాదు. నేనూ "పర్లేదులే" అనలేదు. చూసుకోనీ.

మొన్న గ్యాసు బండ వచ్చింది వాళ్ళింటికి. పైన పట్టుకునే కమ్మీకి కిందనున్న నిలువు పట్టీ లోపలివైపు ఒక అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి, మీరెప్పుడైనా చూశారా? 'ఎ' అంటే మార్చి లోపు, 'బి' అంటే జూన్, 'సి' అంటే సెప్టెంబర్, 'డి' అంటే డిసెంబర్. అంకెలు సంవత్సరానివి. ఆ గడువుకి బండని మళ్ళీ పరీక్ష చేయించాలన్నమాట. గ్యాసుకి కాదు, బండకి గడువు. పోయిన శుక్రవారం మా పాఠం అదే. బండ తెచ్చినతను దించి, డబ్బులకి చెయ్యి చాపేసరికి ఈ పిల్ల వంగి చూసి, "భయ్యా, దీని గడువు అయిపోయింది, ఇంకోటి ఇవ్వండి" అందట. అతను ముందు నవ్వాడట, తర్వాత తనూ వంగి చూశాడట. గొణుక్కుంటూనే బండిలోంచి ఇంకోటి తెచ్చిపెట్టాడని ఆపా నాకు చెబుతుంటే, మంచం మీంచి దాదీ అడ్డొచ్చి, "ముందు నా గోలీ టైమయింది, అది చూడమను" అంది.