ముందు కాళ్ళు చూడండి: షుగరుతో నరాలు దెబ్బతిన్నవాళ్ళ ప్రణాళిక

మొన్న నవంబరు 14న, ప్రపంచ మధుమేహ దినం నాడు, ఉచిత షుగర్ శిబిరంలో మమ్మల్ని లైనులోంచి పక్కకు లాగారు. మేం అడిగింది ఒక్కటే, కాళ్ళు చూడమని. "చెప్పులు విప్పి కూర్చుంటే లైను ఎలా కదులుతుంది? వేలు చూపించి, రీడింగు రాయించుకుని వెళ్ళండి" అన్నారు. మాలో అరికాలికి కట్టుతో వచ్చిన రైతును చూసి ముక్కు మూసుకున్నారు. అది మేం మరిచిపోం.

మేం రాత్రిళ్ళు అరికాళ్ళ మంటకు తడిగుడ్డ చుట్టుకుని కూర్చునేవాళ్ళం. బజార్లో చెప్పు జారిపోయినా, వెనకాలవాళ్ళు కేకేస్తే తప్ప తెలియనివాళ్ళం. ఆ రైతుకు పొలంగట్టు మీద తుమ్మముల్లు దిగింది. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటుంటే నీళ్ళు ఎర్రబడ్డాయి. చూసింది ఆయన భార్య. ముల్లు ఎప్పుడు దిగిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

"పోయిన నరాలు తిరిగి రావు, ఇక పరీక్ష దేనికి?" అంటున్నారు. పోయిన స్పర్శ చాలావరకు రాదు, నిజమే. కానీ స్పర్శ పోయిందని తెలిస్తే పాదాన్ని కాపాడుకోవచ్చు. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల దగ్గర గమనించింది ఇదే: వేళ్ళను రోగం తినేయడం లేదు, నొప్పి తెలియక తగిలే దెబ్బలు పోగొడుతున్నాయి. కుష్ఠు రోగులు తొడిగిన మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు (ఎం.సి.ఆర్.) చెప్పులే ఇవాళ మాకూ రాస్తున్నారు. ఎప్పుడు? పుండు పడ్డాక!

పరీక్షకు ఏం కావాలి? పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు, 128 హెర్ట్జ్ శ్రుతిదండం, ఒక కుర్చీ. కళ్ళు మూసుకోమని, పోగు అరికాలికి ఆనించి, తెలిసిందా అని అడగాలి. కరెంటు అక్కర్లేదు, ల్యాబు అక్కర్లేదు. శిక్షణ ఇస్తే ఏ.ఎన్.ఎం. చేయగలదు. టైప్ 2 షుగర్ బయటపడగానే ఒకసారి, ఆపైన ఏటా చేయాలని వైద్యుల మార్గదర్శకాలే చెబుతున్నాయి. మేం వరమేమీ అడగలేదు. రాసిపెట్టుకున్నది చేయమన్నాం!

షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడేవాళ్ళకు విటమిన్ బి12 కూడా చూడాలి. ఆ లోపంతోనూ తిమ్మిర్లు వస్తాయి, దానికి మందు ఉంది. "వయసు మీద పడిందిలే" అని పంపేయడం ఆపాలి. చెప్పులు కూడా మందే, ఉచితంగా ఇవ్వాలి.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ మిషను పక్కన ఆ పోగు ఉండే రోజు రావాలి. చెప్పుల్లేకుండా నడిచే ప్రతి గుడి ప్రదక్షిణ దారిలోనూ, మండుటెండలో కాలినా తెలియని మా పాదాల కోసం, పట్టా పరిచి ఉండాలి. "షుగరుకి కాలు తీసేశారట" అంటే మన మనవలకు అర్థం కాకూడదు. ఆ రోజు వస్తుంది. మేం తెస్తాం.

వచ్చే నవంబరులో శిబిరం పెట్టేవారికి ఇప్పుడే చెబుతున్నాం. కాళ్ళు చూసే కుర్చీ మీరు వేయకపోతే మేమే తెచ్చి మీ టెంటు ముందు వేస్తాం. కాళ్ళు చూసేదాకా మాలో ఒక్కరం కూడా వేలు ఇవ్వం.