కుండీలో వేళ్లకు గాలి

తాండూరు నల్లరేగడి కంది పంటకు పెట్టింది పేరు. 2022లో ఆ కందికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే అదే మట్టిని కుండీలో నింపితే నీరు నిలిచి, వేళ్లకు గాలి అందదు. ఆకులు పసుపుబారి వాలిపోతే దాహమనుకొని మరిన్ని నీళ్లు పోయకండి. ముందు మట్టిలో వేలు పెట్టి తడి చూడండి.

రేగడిలో పిడికెడు ఇసుక కలిపితే చాలదు. వికారాబాద్ వైపు దొరికే ఎర్రమట్టి రెండు వంతులు, ముతక ఇసుక ఒక వంతు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు కలపండి. అడుగున కంకర పరిచినా తడి పైమట్టిలోనే నిలుస్తుంది. రంధ్రంపై పెంకు ముక్క చాలు. కుండీని రెండు నాపరాతి ముక్కలపై ఎత్తి పెట్టండి. నీరు పోసిన కాసేపటికి అడుగు నుండి కారుతుంటే మట్టి కుదిరినట్టే.