గెడ్డ పక్క పొదలు కొట్టొద్దు



ప్రతి ఏడాదీ అక్టోబరు 2న మనం శ్రమదానం చేస్తాం. గ్రౌండు ఊడుస్తాం, రాళ్లకు సున్నం వేస్తాం. చివరికి కత్తులు పట్టుకుని హాస్టలు వెనక గెడ్డ వరకూ ఉన్న పొదలన్నీ నరికి తగలబెడతాం. మొదటి రెండు పనులూ మంచివే. మూడో పని గురించే ఈ నాలుగు మాటలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ పొదల్లోకి చుట్టాలు దిగుతారు. వలస పక్షులు అనగానే అందరూ కొల్లేరు, పులికాట్, పెద్ద పెద్ద కొంగల గురించే చెప్తారు. బొటనవేలంత పిట్టలు కూడా వలస వస్తాయని ఎవరూ చెప్పరు. వీటిని ఇంగ్లీషులో వార్బ్లర్లు అంటారు. మా తరగతిలో మాత్రం ఆకుపిట్టలు అంటున్నాం. ఆకు కదిలితే తప్ప అక్కడ పిట్ట ఉన్నట్టే తెలీదు మరి!

మన కాంపౌండులో రెండు రకాలు చూడొచ్చు. గ్రీనిష్ వార్బ్లర్ చింతచెట్టు మీద, కానుగ చెట్ల మీద తిరుగుతుంది. వీపు పాలిపోయిన ఆకుపచ్చ, పొట్ట తెలుపు, కంటి పైన కనుబొమ్మలా ఒక గీత, రెక్క మీద సన్నటి గీత. ఒక్క నిమిషం కుదురుగా ఉండదు. "చిస్లీ, చిస్లీ" అంటుంది. బరువు సుమారు 8 గ్రాములు, అంటే పది రూపాయల బిళ్లంత. రెండోది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మట్టి రంగు. పొద లోపలే ఉండి, రెండు గులకరాళ్లు కొట్టినట్టు "చక్, చక్" అంటుంది. దీన్ని చూడాలంటే ఓపిక కావాలి. తోక ఎత్తుకుని తిరిగే, ఆకులు కుట్టి గూడు కట్టే పిట్టతో చాలామంది వీటిని కలిపేస్తారు. దాని నెత్తి ఎర్రగా ఉంటుంది, అది ఎప్పుడూ ఇక్కడే ఉండే పిట్ట.

మొదటిది హిమాలయాల నుంచి, ఇంకా పైన మధ్య ఆసియా కొండల నుంచి వస్తుంది. రెండోది రష్యా, ఫిన్లాండు వైపు నుంచి. వేల కిలోమీటర్లు, అదీ ఎక్కువగా రాత్రిపూట ప్రయాణం. అక్కడ మంచు పడితే పురుగులు దొరకవు. ఇక్కడ ఆకుల కింద పురుగులూ సాలీళ్లూ చలికాలంలో కూడా ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి ఏప్రిల్ దాకా ఉంటాయి. ఏడాదిలో సగం మన దగ్గరే. మరి వాటిది ఏ ఊరు అనాలి?

"కొండంతా అడవే కదా, ఈ నాలుగు పొదలు పోతే పక్కకి పోతాయిలే" అని కొందరన్నారు. అక్కడే ఉంది చిక్కు. ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రజ్ఞుడు 1979లో మన తూర్పు కనుమల పక్షుల మీద పెద్ద వ్యాసం ప్రచురించాడు. గ్రీనిష్ వార్బ్లర్ చలికాలంలో ఎలా బతుకుతుందో 1981లో మరొకటి రాశాడు. ఆ పిట్ట చలికాలమంతా తనకంటూ ఒక చోటు పట్టుకుని ఉంటుంది. ఇంకోటి వస్తే తరిమేస్తుంది. డార్మిటరీలో మన ట్రంకు పెట్టె పెట్టుకునే జాగా లాంటిదే. జాగా పోయిన పిట్ట పక్క చెట్టుకి పోతే అక్కడ వేరేది కాపలా ఉంటుంది. అంత దూరం వచ్చి తిండి లేక తిరగాలి.

పాముల భయం నిజమే, కాదనం. బాత్రూముల చుట్టూ, దారి పక్కన పది బారలు శుభ్రంగా కొట్టేద్దాం. గెడ్డ అంచున ఎవరూ నడవని ఆ వరస మాత్రం వదిలేయాలని వార్డెన్ సారుని కోరుతున్నాం. పాము ఎలుకల కోసం వస్తుంది, ఎలుకలు వంటగది వెనక పారేసే అన్నం కోసం వస్తాయి. అదీ చూడాలి. (వంట అక్కలకి కోపం రాకూడదు, పారేసేది మనమే.)

ఇక పంగల కర్రలు. మన ఊళ్లలో పెద్దవాళ్లు వేటకెళ్తే కూరకి పనికొచ్చేదాన్నే చూస్తారు. 8 గ్రాముల పిట్టకి ఈకలు పీకితే ఏం మిగులుతుంది? ఎనిమిదో తరగతి వాళ్లు గురి చూసుకోవాలంటే ఖాళీ డబ్బాలు బోలెడు ఉన్నాయి.

ఈ పత్రిక పక్కనే ఒక తెల్ల కాగితం అంటిస్తున్నాం. ఆకుపిట్ట కనబడిన తేదీ, చెట్టు పేరు, మీ తరగతి రాయండి. పెన్సిలు దారంతో కట్టి ఉంది, దయచేసి పట్టుకుపోవద్దు.

– 9వ తరగతి విద్యార్థి