గొళ్ళెం పెట్టుకుంటే తప్పు చేసినట్టేనా?

"అక్కా, నా పేరు మాత్రం రాయొద్దు. కాలేజీ పేరు గూడ వద్దు."

కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్లే బస్సులో పరిచయమైన డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి పెట్టిన మొదటి షరతు ఇది. ఇంటర్నెట్‌లో మన సొంత విషయాల గురించి మీ వయసు పిల్లలు ఏమనుకుంటున్నారని అడగబోయాను. సగం జవాబు ఆ షరతులోనే దొరికింది.

ఆ అమ్మాయి నాన్న దుబాయిలో ఉంటాడు. అమ్మ బీడీలు చుడుతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇలాంటి ఇళ్లకు కొదవ లేదు. నాన్న మొహం చూడాలన్నా, మాట వినాలన్నా ఫోనే దిక్కు. ఆ ఫోన్ మీదే ఇంట్లో పంచాయతీ మొదలైంది. అమ్మాయి ఫోన్‌కు లాక్ పెట్టుకుంది. అది చూసిన చిన్నాయన అడిగాడట: "దాచేదేం లేనప్పుడు లాక్ ఎందుకే?"

"దాచేదేం లేదు చిన్నాయినా. గని తానం జేసేటప్పుడు తలుపుకు గొళ్ళెం పెట్టుకుంటం గద. అండ్ల దొంగతనం ఏమున్నది?" అందట.

చిన్నాయన దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తే మన దగ్గరా లేదు.

'ఇల్లు గుట్టు, రోగం రట్టు' అన్నారు పెద్దలు. గుట్టు అనే మాట మనకు కొత్త కాదు. కాకపోతే మన వాడల్లో దాన్ని కాపాడుకోవడం ఎప్పుడూ కష్టమే. నా చిన్నతనంలో గల్ఫ్ నుంచి ఫోనొస్తే కిరాణా కొట్టుకొచ్చేది. పెళ్లి పత్రికల మీద పి.పి. అని రాసి పక్కింటి నంబరు వేసుకునేవాళ్లం. "మీ ఆయన ఫోన్" అని కేక వినపడగానే ఇల్లాలు పరుగెత్తేది. కొట్టు ముందు పదిమంది నిలబడి ఉంటే ఏం మాట్లాడుతుంది? "పాణం మంచిగున్నదా, పైసలు ముట్టినయి" అని పెట్టేసేది. కళ్లనీళ్లు ఇంటికొచ్చాక.

అయితే ఆ వినేవాళ్లెవరో ఆమెకు తెలుసు. పది రోజులు చెప్పుకుని వాళ్లూ మరిచిపోయేవారు. ఇప్పుడు మన సంగతి వినేదెవరో తెలియదు. విన్నదాన్ని మరిచిపోయే అలవాటు కంప్యూటర్‌కు లేదు. తేడా అంతా అక్కడే.

అసలు మనిషికి ఇలాంటి గుట్టు హక్కుగా ఉందా? ఈ ప్రశ్న మన సుప్రీంకోర్టు ముందుకు ఇంటర్నెట్ పుట్టకముందే వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ను దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేర హిస్టరీ షీట్ తెరిచి, అర్ధరాత్రి వెళ్లి తలుపు తట్టేవారు. 1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. రాత్రిళ్లు ఇంటి మీదికి వెళ్లడం తప్పేనని ఎక్కువమంది న్యాయమూర్తులు చెప్పారు కానీ, గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్నారు. ఆ మాటకు మన తెలుగువాడు, రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. రాజ్యాంగంలో ఆ పదం లేకపోయినా వ్యక్తిగత స్వేచ్ఛలో అది విడదీయలేని భాగమని వేరే తీర్పు రాశారు. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు. ఆ అభిప్రాయానికి అప్పుడు బలం చాలలేదు. దాదాపు 55 ఏళ్లు గడిచాక, 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. సుబ్బారావుగారి మాటే నిలబడింది.

హక్కు వచ్చింది సరే, రోజువారీ బతుకులో దాని గతేమిటి? బస్సులోని అమ్మాయి వేళ్లు మడిచి లెక్క చెప్పింది. పొద్దున్నే కండక్టరుకు ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆధార్, బ్యాంకు పాసుబుక్కు జిరాక్స్ తీయించింది. సరిగా రాని కాపీని కొట్టాయన పక్కనున్న డబ్బాలో పడేశాడు. బట్టల కొట్టులో బిల్లు వేసేముందు ఫోన్ నంబరు అడిగారు, చెప్పింది. వెనక వరసలో ఉన్న కుర్రాడూ విన్నాడు. ఆ సాయంత్రమే తెలియని నంబరు నుంచి 'హాయ్' అని వచ్చింది. "ఇన్ని తీర్ల ఇచ్చినంక ఎవలిని అడగాలె అక్కా?" అంది.

వెయ్యి దరఖాస్తుల్లో ఒక జిరాక్స్ ఎవరికి అక్కరకొస్తుంది అనుకుంటాం. 2018 జూన్‌లో బయటపడిన కేసు గుర్తుందా? జగిత్యాలకు పక్క జిల్లా పెద్దపల్లి. అక్కడి ధర్మారంలో సిమ్ కార్డుల వ్యాపారం చేసే ఓ యువకుణ్ణి పోలీసులు పట్టుకున్నారు. భూముల రిజిస్ట్రేషన్ పత్రాలు అప్పట్లో ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి దింపుకునే వీలుండేది. వాటి మీద అమ్మినవాళ్ల, కొన్నవాళ్ల వేలిముద్రలు, ఆధార్ నంబర్లు ఉండేవి. ఆ ముద్రలతో రబ్బరు స్టాంపులు తయారుచేసి, ఊరూపేరూ తెలియనివాళ్ల పేరున వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. ఎందుకట? కంపెనీ పెట్టిన టార్గెట్ పూర్తిచేయడానికి! గుంట భూమి కొనుక్కున్న రైతు తన బొటనవేలు ఇలా ఊరేగుతుందని కలగన్నాడా? పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. వేలు పోతే ఎలా మార్చుకుంటాం?

సిరిసిల్లలో మరో విద్యార్థి కలిశాడు. వాళ్ల నాన్న సాంచాల మీద పనిచేస్తాడు. ఈ అబ్బాయి పరీక్ష ఫీజుకని ఫోన్‌లో ఓ రుణ యాప్‌లో మూడు వేలు తీసుకున్నాడు. తీసుకునేటప్పుడు కాంటాక్టులు, ఫొటోలు చూడనివ్వమని అడిగితే అన్నిటికీ 'సరే' నొక్కేశాడు. వాయిదా ఒక్క రోజు దాటగానే, ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ 'వీడు దొంగ' అని ఫొటోతో సహా వెళ్లింది. ఆ నంబర్లలో వాళ్ల నాన్నకు పనిచ్చే ఆసామిది కూడా ఉంది. "నన్ను తిట్టినా బాధ లేకుండె మేడం. మా బాపు వారం దినాలు తల దించుకోని పనికి పోయిండు" అన్నాడు. 2020 డిసెంబరులో ఇలాంటి యాప్‌ల వేధింపులు తెలంగాణలో ప్రాణాలు తీసేదాకా వెళ్లాయి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమాలు పెట్టింది. రుణమిచ్చే యాప్‌లు మన ఫోన్‌లోని కాంటాక్టుల జాబితా, ఫొటోల జోలికి వెళ్లకూడదు. అడిగిందంటేనే అది దొంగ యాప్ అని గుర్తు.

ఆ అబ్బాయే ఇంకో మాటన్నాడు. "పోగు ఒక్కటుంటే ఏం గాదు మేడం, తెంపి పారేయచ్చు. పడుగు, పేక కలిస్తెనే బట్ట." నిజమే. ఫోన్ నంబరు ఒక పోగు, పుట్టినరోజు ఒక పోగు, నాన్న ఏ దేశంలో ఉన్నాడో ఇంకో పోగు. విడివిడిగా చూస్తే ఏమీ లేదు. ఎవరో కూర్చుని నేస్తే మన బతుకంతా బట్టలా పరిచినట్టే. అగ్గిపెట్టెలో చీర పట్టించిన ఊరివాడికి ఈ లెక్క ఒకరు చెప్పాలా?

ఇక పెద్దవాళ్లకు ఒక మాట. పిల్లల మీద భయంతోనే ఫోన్ లాగి చూస్తాం. కానీ కోరుట్ల అమ్మాయి చెప్పింది వినండి: "రేపు ఎవడన్న నా ఫొటో మార్ఫింగ్ జేసి బెదిరిస్తె ఇంట్ల చెప్పాలె గద. రోజూ నా ఫోన్ జూసి అనుమానపడేటోళ్లకు ఎట్ల జెప్త?" బెదిరించేవాడి పెట్టుబడి ఆ ఫొటో కాదు, ఇంట్లో తెలుస్తుందన్న భయం. ఆ భయం తీసేస్తే వాడి దుకాణం మూతే. ఇల్లు గుట్టుగా ఉండాలి, నిజమే. వేధింపు మాత్రం రోగంలాంటిది, రట్టు చేయాల్సిందే. షీ టీమ్‌లున్నాయి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయవచ్చు. ఒకరి ఆంతరంగిక దృశ్యాన్ని అనుమతి లేకుండా తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు.

చట్టాలు వాటి పని అవి చేస్తాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలూ వచ్చాయి. మనం చేయగల పనులు మాత్రం పైసా ఖర్చు లేనివి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు. జిరాక్స్ మీద ఎందుకు ఇస్తున్నామో, ఏ తేదీన ఇస్తున్నామో అడ్డంగా రాయొచ్చు. చెడిపోయిన కాపీని అడిగి తీసుకుని చింపేయొచ్చు. ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసే సదుపాయం ఉంది. మన పేరున ఎన్ని సిమ్‌లున్నాయో సంచార్ సాథీలో చూసుకోవచ్చు.

జగిత్యాల బస్టాండులో దిగేముందు ఆ అమ్మాయి ఓ సంగతి చెప్పింది. కిందటేడు వాళ్లమ్మకు కొత్త నంబరు నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చిందట. నాన్న ఫొటో ఉంది. 'పాత ఫోన్ పోయింది, అర్జంటుగా ముప్పై వేలు పంపు' అని ఉంది. బీడీల పైసలు, చిట్టీ పైసలు కలిపి పంపడానికి అమ్మ సిద్ధమైపోయింది. ఈ అమ్మాయి ఫోన్ తీసుకుని ఒకే ఒక్క ప్రశ్న పెట్టింది: "బాపూ, నన్ను ఇంట్ల ఏమని పిలుస్తవ్?"

అవతలివాడి దగ్గర నాన్న ఫొటో ఉంది. పేరుంది, ఊరుంది, పనిచేసే దేశం తెలుసు. ఆ ముద్దుపేరు మాత్రం లేదు. అది ఏ ఫేస్‌బుక్‌లోనూ, ఏ దరఖాస్తులోనూ ఎవరూ రాయలేదు. మెసేజ్‌లు ఆగిపోయాయి. ముప్పై వేలు మిగిలాయి.

"ఇంతకీ ఏమని పిలుస్తాడు?" అని అడిగాను. నవ్వి, చెవిలో చెప్పి బస్సు దిగింది.

క్షమించాలి, ఆ పేరు ఇక్కడ రాయను.