పళ్ళు పటపట... ఊపిరి కటకట!

నేనుండేది కృష్ణానగర్‌లో. గదిలో నాతో పాటు ఓ అసోసియేట్ డైరెక్టరు మిత్రుడు. మొన్న వేసవిలో ఓ రోజు పొద్దున్నే నా మీద విరుచుకుపడ్డాడు.

"గురూ, రాత్రంతా పళ్ళు పటపట కొరుకుతున్నావు. దెయ్యాల సినిమాకి సౌండ్ ఎఫెక్టు కింద పనికొస్తుంది గానీ, నాకు మాత్రం నిద్రుండటం లేదు!"

నవ్వేశాను. ఊళ్ళో అమ్మకి ఫోన్ చేసి చెబితే, "కడుపులో నులిపురుగులురా, మందేసుకో" అంది. వేసుకున్నాను. పురుగులు పోయాయో లేదో గానీ కొరకడం మాత్రం పోలేదు!

నెల తిరక్కుండా దవడ పన్ను చిట్లింది. పళ్ళ డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తాను. నోట్లో అద్దం పెట్టి చూసి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "రాత్రిళ్ళు గురక పెడతారా?" అని! బోడిగుండుకీ మోకాలికీ ముడి వేస్తోందేవిటా అనుకున్నాను.

ముడి ఉందండీ. పంటి మీది ఎనామిల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. అదే అరిగి చదునైందంటే, నిద్రలో మనకు తెలీకుండా పళ్ళు నూరుతున్నామన్నమాట. దీన్ని బ్రక్సిజం అంటారు. మనసులో ఒత్తిడి, మితిమీరిన కాఫీ, సిగరెట్లు దీన్ని పెంచుతాయి. కొందరిలో దీనికి స్లీప్ అప్నియా తోడవుతుంది. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. 10 సెకన్లో, అంతకు మించో ఊపిరి ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. గంటకు 5 సార్లు దాటితే పట్టించుకోవాల్సిందే. 30 దాటితే తీవ్రమని లెక్క. పైగా నోటితో గాలి పీల్చేవాళ్ళకు నోరెండిపోతుంది. పళ్ళను కాపాడే లాలాజలం కరువైతే పుచ్చులకి పండగే! ఇక పుచ్చు పన్ను ఊరుకుంటుందా? నడుం వాల్చగానే సలుపు ఎక్కువై ఆ కాస్త నిద్రా పోతుంది.

గదికొచ్చి మిత్రుణ్ణి అడిగాను.

"గురక మధ్య మధ్యలో టక్కున ఆగిపోతుంది గురూ. హమ్మయ్య అనుకుంటాను" అన్నాడు.

ఆ 'హమ్మయ్య' విని నా గుండె జారింది. వాడు సంతోషించిన క్షణాల్లో నాకు ఊపిరి ఆడటం లేదు!

మన 'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) చిత్రాలకు బాణీలు కట్టిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో కన్నుమూశారు. వయసు 69. కారణం స్లీప్ అప్నియా అని వైద్యులు చెప్పారు. ఆ వార్త ఓ పత్రికకు రాసింది నేనే. ఆ రెండు ముక్కలకీ అర్థమేవిటని అప్పుడు ఒక్క నిమిషం ఆలోచించలేదు.

ఒంటికి వైర్లు తగిలించుకుని ఓ రాత్రి నిద్ర పరీక్ష చేయించుకున్నాను. గంటకు 22 సార్లు! కింది దవడను కాస్త ముందుకు నిలిపే అచ్చు ఒకటి డాక్టరమ్మే తయారు చేసి ఇచ్చింది. జబ్బు ముదిరినవాళ్ళకైతే ముక్కుకి గాలి పంపే సీపాప్ యంత్రం ఉంది. అరిగిన పళ్ళకి ఉత్త తొడుగు వేయించుకుని ఊరుకుంటే పళ్ళు దక్కొచ్చు గానీ, ఊపిరి సంగతి తేలదు.

నైట్ కాల్షీట్ల సోదరులారా! పొద్దున లేవగానే దవడ నొప్పి, తలనొప్పి, నోరు పిడచగట్టడం ఉంటే తేలిగ్గా తీసుకోకండి. పక్కన పడుకునేవాళ్ళని ఓసారి అడగండి.

అన్నట్టు, ఇప్పుడు మా గదిలో పటపటలు తగ్గాయి. ఆ నిశ్శబ్దంలోనే కొత్త సంగతి బయటపడింది. మావాడూ గురక పెడతాడు! వచ్చే ఆదివారం డాక్టరమ్మ దగ్గరకు వాణ్ణి లాక్కెళుతున్నాను.